వానమాస్టారి కొత్త డిస్కు

జూలై 1

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మరదలికీ పాపకీ కూడా.

కవరు మీద చేతిరాత చూడగానే ఇది నేనేనని నీకు తెలిసిపోయి ఉంటుంది. చింపాలా చదవాలా అని ఆలోచిస్తూ ఉంటావు. చింపేదైనా చదివాకే చింపు. పదకొండేళ్ళ తర్వాత కలం పట్టానంటే అవసరం అంత గట్టిది. ఫోను చెయ్యలేను. సాయంత్రం టీ తాగుతూ మీ బావగారు నా ఫోను తీసుకుని ఎవరెవరితో మాట్లాడానో చూస్తారు. కాగితం మోగదు కదా, అందుకని ఇది.

మా కంప్యూటరు చచ్చిపోతోంది. పద్నాలుగేళ్ళ కిందట నువ్వు మా ముందుగదిలో నేలమీద కూర్చుని కట్టి ఇచ్చినదే. మీట నొక్కి వెళ్ళి, ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి కూడా ఆ గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. గడియారం పెట్టి చూశాను, పద్దెనిమిది నిమిషాలు. ఈ నెల రోజులుగా లోపల పురుగు చెక్క తొలుస్తున్నట్టు టక్కు టక్కుమని చప్పుడు. మా ఎదురింటి టైలరమ్మ అల్లుడు విని, "డిస్కు పోతోందండీ, ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు వేయించండి, లేకపోతే ఒకరోజు అన్నీ పోతాయి" అన్నాడు. ఏది కొనాలంటే మాత్రం తల గోక్కున్నాడు.

అందులో ఏముందో నీకు తెలుసు. మీ బావగారు బళ్ళో సైన్సు చెప్పే రోజుల నుంచీ రాసుకుంటున్న వాన లెక్కలు. డాబా మీద వాన కొలిచే గొట్టం, వేడి చూసే గాజుకడ్డీలు. రోజూ ఉదయం సరిగ్గా ఎనిమిదిన్నరకు చూడాలి. ముప్పై రెండు మెట్లు. ఎక్కేది నేను. చూసి చీటీ మీద రాసి ఇస్తే, ఆయన కంప్యూటరులో ఎక్కించి చీటీ చింపేస్తారు. మొదటి ఎనిమిదేళ్ళ నోటుపుస్తకాలు కూడా ఎక్కించాక తగలబెట్టారు. "కాపీ ఉంటే దొంగ ఉన్నట్టే" అని ఆయన మాట. దానికి తోడు, కంప్యూటరు వచ్చినప్పటి నుంచి నాలుగు దిక్కుల ఆకాశం ఫోటోలు. ఇరవై రెండేళ్ళ పని, ఒక్క చోటే ఉంది.

ఇప్పుడు వాతావరణ పరిశోధన వాళ్ళు అవన్నీ తీసుకుంటామని రాశారు. ఈ నెల ఇరవై ఆరున ఇంటికి వస్తారు. ఆయన పేరుతో పుస్తకం వేస్తారట. ఆ ఉత్తరం చదివి వినిపించి, "ఇది పోతే నేను పోయినట్టే" అన్నారు. మాటవరసకి, "మెట్లెక్కింది నేనే కదండీ" అన్నాను నవ్వుతూ. "నువ్వు కాళ్ళు. తల నేను. పుస్తకం మీద కాళ్ళ పేరు వేస్తారా ఎక్కడైనా?" అన్నారు. ఆయన కూడా నవ్వుతూనే అన్నారులే.

ఏ డిస్కు కొనాలి, ఎంతది కొనాలి, ఎలా మార్చాలి, నాకు అర్థమయ్యేలా రాయి. ఆ టైలరమ్మ చిరునామా వెనక రాశాను, దానికే పంపు. కుట్టిన బట్టల్లో పెట్టి తెచ్చిస్తుంది.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ అక్క


జూలై 7

అక్కకి,

చింపలేదు. చింపుదామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. మీ మరదలు లాక్కుని చదివి, "పాపం, మర్యాదగా అడిగింది" అంది. మా ఇంట్లో తీర్పులన్నీ అలాగే ఉంటాయి.

వానమాస్టారి డిస్కు పోతోందా. పోనీ. నాకు మాత్రం ఆ ముందుగది ఇంకా కళ్ళముందే ఉంది. పెట్టె కట్టి, తీగలు బిగించి, చేతులు కడుక్కుని వస్తుంటే, ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళ ఎదుట, "నా లెక్కలు ఎక్కించుకుని పోతున్నావేమో, జేబులు తిప్పు" అన్నాడు. తిప్పాను. ఒక దాంట్లోంచి స్క్రూడ్రైవరు, ఇంకో దాంట్లోంచి బస్సు టికెట్టు పడ్డాయి. నువ్వు వంటగది గుమ్మంలో నిలబడి నేల చూశావు. అమ్మ పోయిన రోజు సంగతి సరేసరి. ఎనిమిది గంటల బస్సుకు రమ్మని ముందురోజే కబురు పెట్టాను. నువ్వు ఒంటిగంటకు దిగావు. అమ్మ పదకొండున్నరకు పోయింది. నీ పూజా పునస్కారాలు అయ్యాక తీరిగ్గా బయలుదేరి ఉంటావు. ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నా విను. అమ్మ ఆఖరి మాట నీ గురించే. నోట్లో నీళ్ళు పొయ్యబోతే పెదాలు బిగించి, "అది వచ్చాక తాగుతా" అంది. తాగకుండానే పోయింది.

సరే. ఇక పని మాట.

ఆ పెట్టె నేను కట్టిందే కాబట్టి దాని కడుపులో ఏముందో నాకు తెలుసు. దుకాణాల్లో ఇప్పుడు చూయింగ్‌గమ్ బద్దలా సన్నగా ఉండే రకం గొప్పగా చూపిస్తారు. అది మీ దాంట్లో పట్టదు, దానికి సందే లేదు. మీకు కావలసింది అరచేతంత పలక, సాటా అని అడగాలి. పాత డిస్కుకున్న తీగలే దీనికీ సరిపోతాయి. బొమ్మలూ లెక్కలూ కలిపి మూడొందల జీబీ దాటవు, ఐదొందల జీబీది చాలు. ఎక్కువ జీబీ అని ఎగబడొద్దు. పేరున్న కంపెనీది, ఐదేళ్ళ వారంటీ ఉన్నది, రశీదు ఇచ్చే దుకాణంలోనే కొనాలి. ఈ పలకలకి పద్దెనిమిది నిమిషాలు కాదు, పద్దెనిమిది సెకన్లు చాలు.

మూడు సంగతులు గోడ మీద రాసి పెట్టుకో. ఒకటి, మార్చే ముందు పాతదాంట్లో సరుకు కుళ్ళిందో లేదో చూడాలి. నీకు బాగా గుర్తున్న తారీకు ఒకటి తెరువు. అంకె చూడగానే "అవును, ఇదే" అనగలిగే రోజు అయి ఉండాలి. రెండు, కొత్తదానికి ఎక్కించాక పేర్లు చూసి మురిసిపోకూడదు, ఆ చివరా ఈ చివరా తెరిచి చూడాలి. మూడు, పాత డిస్కు మూడు నెలలు బీరువాలో దాచాలి. దాన్ని పారేసినవాడంత మూర్ఖుడు ఉండడు.

ఇది నీకోసం కాదు, నేను కట్టిన పెట్టె మీద మమకారం కొద్దీ.

ఇట్లు,
జేబులు తిప్పి చూపించిన తమ్ముడు


జూలై 14

తమ్ముడికి,

ఆశీస్సులు. ఎంత వివరంగా రాశావు! చూయింగ్‌గమ్ బద్ద అనగానే నాకు బొమ్మ కట్టినట్టు అర్థమైంది. అమ్మ మాట కూడా రాశావు. మంచిపని చేశావు, తెలియాల్సినవి ఎప్పటికైనా తెలియాలి.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆయన నడకకు వెళ్ళినప్పుడు మీట నొక్కి, దీపంలో ఒక వత్తి కాలినంతసేపు ప్రార్థన చేసుకుంటూ కూర్చుని, నాకు బాగా గుర్తున్న తారీకు ఒకటి తెరిచాను. చక్కగా తెరుచుకుంది. అంకె సరిగ్గానే ఉంది. సరుకు కుళ్ళలేదు.

నీ ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు వేరే కాగితం మీద ఎత్తి రాసి ఆయనకి ఇచ్చాను. "ఎవరు చెప్పారు?" అన్నారు. "తెలిసినవాళ్ళు" అన్నాను. అబద్ధం కాదు కదా.

"ఆ తెలిసినవాడెవడో నాకు తెలుసు. ఐదొందల జీబీ చాలన్నాడా? నా ఇరవై రెండేళ్ళ పని వాడికి అంత చిన్నదిగా కనపడింది!"

మర్నాడే బస్టాండు ఎదుట చార్జర్లూ టార్చిలైట్లూ అమ్మే బండివాడి దగ్గర ఆయనే ఒకటి కొనుక్కొచ్చారు. నాలుగు టీబీ అట, నువ్వు చెప్పినదానికి ఎనిమిదింతలట. "చూశావా? మీవాడు గుమ్మడికాయ అడిగితే ఆవగింజ చూపించాడు" అన్నారు. రశీదు లేదు. పెట్టె మీద బంగారు రంగు అక్షరాలు. చేతిలోకి తీసుకుని చూశాను. లోపల ఏమీ లేనట్టు, ఎండుటాకంత తేలిగ్గా ఉంది. ఒక మూల నొక్కితే పలక సొట్టపోయి మళ్ళీ లేచింది. ఇవి ఇలాగే ఉంటాయా?

ఇరవై ఐదో తారీకు ఉదయం కొలత అయ్యాక పాతది మార్చి, ముందు ఫోటోలు, చివర లెక్కలు ఎక్కిస్తారట. సాయంత్రానికి పాత డిస్కు సుత్తితో పగలగొట్టేస్తారు. దాచిన డిస్కులోంచి ఎవరైనా దొంగిలిస్తారని ఆయన భయం. మర్నాడే పరిశోధన వాళ్ళు వస్తారు. ఇస్త్రీకి తెల్లచొక్కా ఇచ్చి వచ్చాను.

ఈ పలక మంచిదేనా? ఇరవై ఐదు లోపల నాకు తెలిస్తే బాగుంటుంది.

నీ అక్క


జూలై 19

అక్కా,

చదివిన వెంటనే రాస్తున్నాను. అది దొంగ సరుకు. అందులో సందేహమే లేదు. బస్టాండు బండి మీద, రశీదు లేకుండా, నాలుగు టీబీ దేవుడు కూడా ఇవ్వడు. నా దగ్గరకి ఇలాంటివి నెలకి ఇద్దరు ముగ్గురు పట్టుకుని ఏడుస్తూ వస్తారు. విప్పి చూస్తే పలకంతా ఖాళీ, ఒక మూల జిగురుతో అంటించిన చిన్న ఫోను మెమరీ కార్డు. ముప్పై రెండు జీబీది. బరువు కోసం ఇనపముక్క వేసేవాళ్ళయినా కొంత నిజాయితీపరులు, వీడు అది కూడా వెయ్యలేదు.

అది ఎలా మోసం చేస్తుందో చెబుతా. అడిగితే నాకు నాలుగు టీబీ ఉందని చెబుతుంది. నువ్వు ఎక్కిస్తూ ఉంటే తల ఊపుతూ తీసుకుంటుంది. నిజంగా ఉన్న చోటు నిండాక, ఆ తర్వాత వచ్చినదంతా గాలిలో రాసినట్టే. పేర్లు మాత్రం వరసగా కనపడతాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మొదట ఎక్కించినవి తెరిస్తే తెరుచుకుంటాయి కాబట్టి మనిషి మురిసిపోతాడు. చివర ఎక్కించినవాటిలో పేరు తప్ప ఏమీ ఉండదు. ఆయన లెక్కలు చివర ఎక్కిస్తానన్నాడు! లెక్కలన్నీ పోతాయి.

ఈ ఉత్తరం ఆయన చేతిలో పెట్టు. నా పేరు చూసి మండిపడితే పడనీ. నమ్మకపోతే ఆ పలకని బ్లేడుతో ఒక మూల విప్పి చూపించు, ఐదు నిమిషాల పని. ఏది ఏమైనా పాత డిస్కు మీద సుత్తి పడనివ్వకు. ఆ మనిషంటే నాకు గిట్టదు. కానీ ఇరవై రెండేళ్ళ వాన వాడొక్కడి సొత్తు కాదు. సగం నీ మోకాళ్ళది.

తమ్ముడు


జూలై 30

అక్కా,

నీ దగ్గర్నించి జాబు లేదు. ఇరవై ఐదు దాటింది, ఇరవై ఆరూ దాటింది. టైలరమ్మ నంబరు లేదు, ఉన్నా ఏమని అడగను?

నీకొకటి చెప్పాలి. ఆ ఉత్తరం పంతొమ్మిదిన రాశాను గానీ, అప్పుడే పోస్టు చెయ్యలేదు. రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. మర్చిపోయి కాదు. పోస్టు డబ్బా పక్కనుంచే దుకాణానికి వెళ్ళాను, వచ్చాను. ఆ జేబే కదా తిప్పమన్నాడు, ఇప్పుడు ఇందులో వాడి ఇరవై రెండేళ్ళూ ఉన్నాయి, అడుక్కోనీ అనుకున్నాను. ఇరవై ఒకటి సాయంత్రం సిగ్గేసి డబ్బాలో వేశాను.

అది వేళకి అందలేదు కదూ? రెండు రోజుల కక్షకి నీ ఇరవై రెండేళ్ళ మెట్లు కూలగొట్టాను. భోజనానికి కూర్చుంటే ముద్ద దిగడం లేదు. తిట్టు, కానీ రాయి.

తమ్ముడు


ఆగస్టు 4

తమ్ముడికి,

ఆశీస్సులు. ముందు కడుపు నిండా తిను. నీ ఉత్తరం వేళకే అందింది.

ఇరవై నాలుగు మధ్యాహ్నం టైలరమ్మ రెండు జాకెట్ల మధ్య పెట్టి తెచ్చింది. "మీ తమ్ముడి రాత ముత్యాల్లా ఉందమ్మా" అంది. వంటగదిలో నిలబడే రెండుసార్లు చదివాను. పక్కగదిలో ఆయన, మర్నాటికి స్క్రూలు ఏ కప్పులో వెయ్యాలో, ఏ కప్పుకి ఏ చీటీ అంటించాలో చూసుకుంటున్నారు. పది అడుగుల దూరం. ఉత్తరం మడిచి నా ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను.

నేను అబద్ధం ఆడలేదు. ఆయన ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో, తెలియదు.

ఎందుకని అడుగుతావు. బాగా గుర్తున్న తారీకు తెరిచి చూడమన్నావు కదా. నాకు ఇరవై రెండేళ్ళలో అలా గుర్తున్నది ఒక్కటే, అమ్మ పోయిన రోజు. నువ్వనుకున్నట్టు ఆ రోజు నేను పూజలో కూర్చోలేదు. తెల్లవారకముందే సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాను. "ఎనిమిది బస్సుకి పోతే ఎనిమిదిన్నర కొలత ఎవరు తీస్తారు? ఇన్నేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. పది గంటల బస్సు ఉందిగా" అన్నారు. "మీరు ఒక్కరోజు ఎక్కండి" అన్నాను. "నా మోకాలు సంగతి తెలిసే అంటున్నావా?" అన్నారు. ఎక్కాను. నలభై ఒకటి పాయింటు ఆరు. ఆ వానలో గొట్టం పట్టుకుని నిలబడి కాసేపు ఏడ్చాను, ఆ తర్వాత చదివాను.

ఆ తారీకు తెరిస్తే, వాన 41.6 అని సరిగ్గానే ఉంది. దాని పక్కన గమనికలు అని ఒక గడి ఉంటుందట, నాకు ఎప్పుడూ తెలియదు. అందులో ఇలా ఉంది: "కొలత పన్నెండు నిమిషాలు ఆలస్యం. కారణం: ఇంటామె ఏడుపు."

ఇది పుస్తకంగా వెయ్యబోతున్నారు, తమ్ముడూ.

నీ మొదటి ఉత్తరంలో అమ్మ మాట అప్పటికే చదివి ఉన్నాను. అది వచ్చాక తాగుతా అందని. ఆ గడి ముందు కూర్చున్నంతసేపూ నాకు అమ్మ తాగని ఆ నీళ్ళ గ్లాసు కనపడుతూనే ఉంది.

ఇరవై ఐదున ఆయన పెట్టె విప్పారు. "టార్చి సరిగ్గా పట్టు" అన్నారు. సరిగ్గా పట్టాను. పగలంతా తెర మీద పచ్చగీత నిండుతూ పోయింది. నాలుగున్నరకి అయిపోయింది. ఆయన మొదటి ఏడాది ఫోటోలు రెండు తెరిచి చూసి, తొడ చరిచి, "చూశావా, మంచినీళ్ళలా పరిగెడుతోంది" అన్నారు. తర్వాత సుత్తి అడిగారు. తెచ్చి ఇచ్చాను. డాబా మెట్టు మీద పెట్టి కొట్టారు. ఐదో దెబ్బకి లోపలి అద్దపు బిళ్ళ పగిలింది. ముక్కలు బకెట్లోకి ఎత్తింది నేనే. చెయ్యి తెగుతుంది జాగ్రత్త అన్నారు. అంత మంచిమాట ఈమధ్య ఆయన నోట వినలేదు.

ఇరవై ఆరు ఉదయం ఎనిమిదిన్నరకు చీటీ ఇచ్చాను. ఎక్కిద్దామని తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నారు. జూలై తెరుచుకోలేదు. జూన్ తెరుచుకోలేదు. ఒక్కొక్క నెలే నొక్కుకుంటూ వెనక్కి వెళ్ళారు. చొక్కా వీపు తడిసిపోయింది. ఇస్త్రీ అంతా పోయింది.

పదకొండుకి వాళ్ళు వచ్చారు, ఒక ఆఫీసరమ్మ, ఆమె సహాయకుడు. "నిన్న ఉన్నాయండీ, నా కళ్ళతో చూశాను" అన్నారు ఈయన. "ఒక్క పేజీ ప్రింటయినా తీశారా మాస్టారూ?" అని ఆమె. ఈయన మళ్ళీ జూలై నొక్కారు. సహాయకుడు అటు తిరిగి నవ్వాపుకున్నాడు. ఆమె నా వైపు చూసి, "రోజూ డాబా ఎక్కి కొలతలు తీసింది ఎవరండీ?" అంది. నేను నోరు తెరిచేలోగా ఈయన, "నేనే" అన్నారు. అప్పుడు కూడా.

మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచీ ఆయన బకెట్టు ముందు పెట్టుకుని ముక్కలు జత చేస్తున్నారు. నిన్న తల ఎత్తకుండానే, "నీకేమైనా గుర్తున్నాయా? నువ్వేగా ఎక్కింది" అన్నారు. ఆ మాట వినడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. చూస్తానని చెప్పాను.

నీ రెండు రోజుల జేబుకి, దీనికి ఏ సంబంధమూ లేదు. నువ్వు మోయాల్సిన బరువు కాదని చెప్పడానికే ఇదంతా రాశాను.

నీ అక్క


ఆగస్టు 10

అక్కా,

నీ ఉత్తరం చదువుతూ సుత్తి దగ్గర నవ్వాను. బకెట్టు దగ్గర ఆగిపోయాను. నేను కోపిష్ఠివాణ్ణి, అరుస్తాను, చింపుతాను, రెండు రోజులకి సిగ్గుపడతాను. టార్చి సరిగ్గా పట్టుకుని నిలబడటం నావల్ల కాదు. నువ్వు వేరే రకం. చిన్నప్పుడు నీ వేలు పట్టుకుని బడికి వెళ్ళినవాణ్ణి, ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు.

దీనికంటే పెద్ద సంగతి ఒకటి ఉంది. ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను.

అమ్మ ఆ మాట అనలేదు. అమ్మకి అప్పటికి రెండు రోజులుగా తెలివే లేదు. నీళ్ళు పోస్తే పెదవి పక్కనుంచి కారిపోయాయి, అంతే. నిన్ను అడగలేదు, నన్నూ అడగలేదు. ఎనిమిది బస్సుకి వచ్చినా నిన్ను గుర్తుపట్టేది కాదు. నీకు నొప్పి కలగాలని, ఆ ఉత్తరం రాస్తూ రాస్తూ అప్పటికప్పుడు కల్పించాను. గట్టిగా తగిలే మాట వెతుక్కుని మరీ రాశాను. అది ఇంత దూరం పోతుందనుకోలేదు. ఆ గ్లాసు నేను పెట్టిందే అక్కా.

ఇక చాలు. పోయిన డిస్కు ఎలాగూ రాదు. ఆయన అడుగుతున్నాడు కదా, నీకు గుర్తున్నంతవరకూ చెప్పు. ఎంతో కొంత మిగులుతుంది. ముసలివాడు బకెట్టు ముందు కూర్చున్నాడని రాశావు, నాకు అదే కళ్ళలో మెదులుతోంది. లేదంటే చెప్పు, నేనే వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. తిడితే ఇద్దరం పడదాం.

తమ్ముడు


సెప్టెంబరు 12

తమ్ముడికి,

ఆశీస్సులు. పాపకి జ్వరం తగ్గిందని టైలరమ్మకి రాసిన కార్డులో చూశాను. సంతోషం.

నువ్వు రాకు. వస్తే ఆయన మొట్టమొదట అడిగేది జేబులు తిప్పమనే.

అమ్మ ఆ మాట అనలేదని రాశావు. నీ మీద కోపం లేదు. నువ్వు కల్పించి ఉండవచ్చు, కానీ దాన్ని నమ్మి నేను చేసింది కల్పన కాదు. ఆ గడిలో రాసి ఉన్నదీ కల్పన కాదు. గ్లాసు తీసేస్తే మిగిలినవి అక్కడే ఉన్నాయి.

నువ్వు చెప్పమన్నావు కాబట్టి ఆయనకి లెక్కలు చెబుతున్నాను. ఆగస్టు పదిహేడు నుంచి మొదలుపెట్టాం. ఇప్పుడు నాకొక కుర్చీ ఉంది, ఆయన కుర్చీ పక్కనే. తెచ్చి వేసింది ఆయనే. ఉదయం డాబా దిగి రాగానే, "కూర్చో, కూర్చో, ఆయాసం తగ్గనీ" అంటారు. ఆ తర్వాత, మొదటి ఏడాది మొదటి నెల నుంచీ వరసగా ఒక్కొక్క తారీకే అడుగుతారు.

"నాలుగో తారీకు?"

"పద్దెనిమిది పాయింటు రెండు."

"ఐదు?"

"ఆ రోజు చుక్క పడలేదు. మబ్బు మాత్రం తూర్పున పట్టింది."

"ఎంత జ్ఞాపకమే నీకు!" అంటారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

నాకు ఏమీ గుర్తులేదు, తమ్ముడూ. ఎవరికి గుర్తుంటాయి ఎనిమిది వేల రోజులు? నోటికి వచ్చిన అంకె చెబుతాను. మరీ గుండ్రంగా రాకుండా చూసుకుంటాను. అప్పుడప్పుడూ కళ్ళు మూసుకుంటాను. ఒక్కోసారి, "ఆగండి, అది కాదు, మూడు పాయింటు తొమ్మిది" అని దిద్దుతాను. దిద్దినప్పుడు ఆయనకి నమ్మకం ఇంకా పెరుగుతుంది. రోజుకి పాతిక చొప్పున సాగుతోంది. ఇలాగే పోతే పదకొండు నెలలు పడుతుంది. అమ్మ పోయిన తారీకు దాకా రావడానికి ఇంకా చాలా ఉంది. దానికి కూడా ఏదో ఒక అంకె చెబుతాను, నిజమైనది ఆయనకి దొరకదు.

మొన్న ఆయన కొత్త గడి ఒకటి గీశారు. పరిశీలన చేసినవారు అని. దాని కింద నా పేరు రాశారు. ప్రతి తారీకుకీ. పుస్తకం మీద కూడా ఇద్దరి పేర్లూ వేయించమని పరిశోధన వాళ్ళకి ఉత్తరం పెట్టారు. సహపరిశీలకురాలి జ్ఞాపకం వల్ల రికార్డు తిరిగి దొరికిందని. నిన్న జవాబు వచ్చింది. ఆఫీసరమ్మే రాసింది. చాలా సంతోషమని, పూర్తయ్యాక తీసుకుంటామని, ముందు విమానాశ్రయంలో తీసిన కొలతలతో రోజు రోజూ పక్కపక్కన పెట్టి సరిచూస్తామని. ఆయన ఎగిరి గంతేశారు. "సరిచూసుకోనీ! మనదే నిఖార్సయిన లెక్క అని వాళ్ళకే తెలుస్తుంది. సభ పెట్టి మరీ చెప్పమంటాను" అన్నారు. సభకి బళ్ళో పాత మాస్టర్లందరినీ పిలుస్తారట. జాబితా రాస్తున్నారు.

నా పేరు ఉంది కాబట్టి అబద్ధం నాదే. రోజూ ప్రార్థనలో ఆ మాట దేవుడికి చెప్పుకుంటున్నాను, దాచడం లేదు. తర్వాత లేచి డాబా ఎక్కుతున్నాను. ఈమధ్య నా మోకాళ్ళు కూడా నొప్పి పుట్టడం లేదు.

ఇప్పుడు అసలు పని. ఆ దొంగ పలక తీసేశారు, టైలరమ్మ అల్లుడు ఇచ్చిన పాత డిస్కు ఒకటి తగిలించుకున్నారు. అది కూడా మూలుగుతోంది. నువ్వు మొదట చెప్పినది ఉంది చూడు, అరచేతంత సాటా పలక, ఐదొందల జీబీ, మంచి కంపెనీది, ఐదేళ్ళ వారంటీది. అది కొని పంపు. రశీదు కూడా పెట్టు. ఎవరు పంపారని అడిగితే ఈసారి నీ పేరే చెబుతాను, ఆయన కాదనరు. "మీవాడు మొదటే సరిగ్గా చెప్పాడే" అని మొన్ననే అన్నారు. ఎక్కించాక నువ్వు చెప్పినట్టు ఆ చివరా ఈ చివరా నేనే తెరిచి చూస్తాను. రెండో కాపీ కూడా తీయిస్తాను. ఈ అంకెల్లో ఒక్కటి కూడా పోకూడదు. సభ జరిగే రోజుదాకా అన్నీ ఉండాలి.

నా ఉత్తరాలన్నీ జాగ్రత్తగా దాచు, చింపకు. మరదలికి చూపించకు, ఆమెది మెత్తని మనసు. ఎప్పుడైనా నేనే జాలిపడి వచ్చి, ఆయనకి చూపిస్తాను ఇవ్వమని అడిగినా సరే, ఇవ్వకు.

దేవుడు మీ ముగ్గురినీ చల్లగా చూడాలి.

నీ అక్క